మారోవిండ్ మొదలుపెడుతున్నారా? ముందు ఆ పచ్చగీత సంగతి చూడండి

మారోవిండ్ అనే వీడియోగేమ్ మొదలుపెట్టి రెండు గంటల్లో పక్కన పడేసినవాళ్లను అడిగితే చాలామంది ఒకటే మాట చెబుతారు. ఎదురుగా ఎలుక ఉంది, కత్తి దాని ఒంట్లోంచి దూసుకెళ్లడం కళ్లకు కనిపిస్తోంది, అయినా దెబ్బ తగలట్లేదు. ఇదే సిరీస్‌లో తర్వాత వచ్చిన స్కైరిమ్ ఆడి వచ్చినవాళ్లకు ఇది మరీ చిరాకు, అక్కడ కత్తి తాకితే తాకినట్టే కాబట్టి. 2002లో బెథెస్డా తెచ్చిన ఈ ఆటలో లెక్క వేరు. ప్రతి వేటుకూ లోపల పాచికలు పడతాయి. ఆ పాచికలు మీ వైపు పడాలంటే ఏం చేయాలో ఆట సరిగ్గా చెప్పదు, అంతే. అది తెలిస్తే ఇంత గొప్ప ఓపెన్ వరల్డ్ ఆట ఇంకోటి దొరకడం కష్టం.

స్క్రీన్ కింద ఎడమ మూల మూడు గీతలుంటాయి. ఎర్రది హెల్త్, నీలంది మ్యాజికా (మంత్రశక్తి), పచ్చది ఫటీగ్. కొత్తవాళ్లు ఎర్రదాన్నే చూస్తూ ఆడతారు. ఈ ఆటలో చూడాల్సింది పచ్చదాన్ని. దాన్ని ఆయాసం గీత అనుకోండి. పరుగెత్తితే తగ్గుతుంది, ఎగిరితే తగ్గుతుంది, కత్తి ఊపితే తగ్గుతుంది. అది ఖాళీ అయిందంటే మీ మనిషి రొప్పుతూ కొడుతున్నాడని అర్థం. రొప్పుతూ కొట్టే దెబ్బ ఎవరికీ తగలదు.

లెక్క ఇదీ. చేతిలో ఉన్న ఆయుధం తాలూకు స్కిల్ తీసుకోండి. దానికి ఎజిలిటీలో (చురుకుదనంలో) ఐదో వంతు, లక్‌లో పదో వంతు కలపండి. పచ్చగీత నిండుగా ఉంటే వచ్చినదాన్ని 1.25తో, ఖాళీగా ఉంటే 0.75తో గుణించండి. అందులోంచి ఎదుటివాడు తప్పించుకునే శక్తి తీసేయాలి. అదీ ఇలాగే, వాడి ఎజిలిటీ, లక్, ఫటీగ్‌లతో వస్తుంది. లాంగ్ బ్లేడ్ (పొడవాటి కత్తి) స్కిల్ 50, ఎజిలిటీ 40, లక్ 40 ఉన్న మనిషి తనలాంటి ఎజిలిటీ, లక్ ఉండి అలసట లేని శత్రువుతో తలపడితే, పచ్చగీత నిండుగా ఉన్నప్పుడు నూటికి 62 దెబ్బలు తగులుతాయి. అదే గీత ఖాళీ అయితే 31. సరిగ్గా సగం. మంత్రాలకూ ఇదే గుణకం వర్తిస్తుంది, ఆయాసంలో మంత్రం కూడా నోట్లోనే ఆగిపోతుంది.

కాబట్టి పోరాటం మొదలయ్యే ముందు పరుగు ఆపి నడవండి. క్యాప్స్ లాక్ నొక్కితే పరుగు, నడక మారతాయి. గుహ తలుపు తెరిచే ముందు టి నొక్కి ఒక గంట ఆగండి, పచ్చగీత మళ్లీ ఎక్కుతుంది. ఊళ్లో నిద్రపోనివ్వరు కానీ ఆగి వేచి ఉండటానికి అభ్యంతరం లేదు, దానికీ ఫటీగ్ తిరిగొస్తుంది. హెల్త్, మ్యాజికా కావాలంటే మాత్రం నిద్ర పోవాల్సిందే. ఫటీగ్ పెంచే మందు రెండు మూడు సీసాలు ఎప్పుడూ దగ్గరుంచుకోండి. చిన్న రోలూ రోకలీ సెట్ ఒకటి కొనుక్కుంటే మీరే చేసుకోవచ్చు. బ్రెడ్, క్రాబ్ మీట్, హౌండ్ మీట్, సాల్ట్‌రైస్, వీటిలో ఏ రెండు కలిపినా ఫటీగ్ మందే వస్తుంది. అన్నీ చౌక సరుకులే.

రెండో పొరపాటు ఇంకా ముందే జరుగుతుంది. ఓడ దిగి సెన్సస్ ఆఫీసులో అడుగుపెట్టగానే టేబుల్ మీద ఇనుప డ్యాగర్ కనిపిస్తుంది. అందరూ తీసుకుంటారు. డ్యాగర్‌కు పనికొచ్చే స్కిల్ షార్ట్ బ్లేడ్, లాంగ్ బ్లేడ్ కాదు. మీ మనిషికి లాంగ్ బ్లేడ్ 50 ఉండి షార్ట్ బ్లేడ్ 10 ఉందనుకోండి. పై లెక్కే వేస్తే డ్యాగర్‌తో నిండు ఫటీగ్‌లో నూటికి 12 తగులుతాయి. ఆయాసపడుతుంటే ఒకటో రెండో. "ఆట పాడైపోయింది" అని చాలామంది అనుకునేది ఇక్కడే. ఆట బాగానే ఉంది, చేతిలో ఉన్నది మీ ఆయుధం కాదు, అంతే. ఆ డ్యాగర్ అమ్మేసి, ఊళ్లోని ఆరిల్ దుకాణంలో మీ స్కిల్‌కు తగిన ఇనుప ఆయుధం ఒకటి కొనుక్కోండి.

మనిషిని తయారు చేసుకునేటప్పుడు మొదటిసారికి నా ఓటు రెడ్‌గార్డ్ జాతికే. క్లాస్ అడిగినప్పుడు ప్రశ్నల పద్ధతి వద్దు, రెడీమేడ్ క్లాసులూ వద్దు, సొంతంగా కట్టుకోండి. మేజర్ స్కిల్స్ ఐదూ 30తో, మైనర్ ఐదూ 15తో, మిగతావి 5తో మొదలవుతాయి. స్పెషలైజేషన్‌గా కంబాట్ ఎంచుకుంటే ఆ గుంపులోని తొమ్మిదింటికీ 5 కలుస్తుంది. రెడ్‌గార్డ్‌కు పుట్టుకతోనే లాంగ్ బ్లేడ్ 15 ఎక్కువ. అంటే 30, 5, 15 కలిసి మొదటి రోజే 50. ఈ ఒక్క అంకె వల్లే మొదటి పది గంటలు సాఫీగా గడుస్తాయి. మేజర్‌లో లాంగ్ బ్లేడ్, హెవీ ఆర్మర్, బ్లాక్, ఆర్మరర్, అథ్లెటిక్స్ పెట్టుకోండి. మైనర్‌లో రెస్టొరేషన్, మిస్టిసిజం, ఆల్కెమీ, సెక్యూరిటీ, స్పీచ్‌క్రాఫ్ట్. ఇష్టమైన రెండు లక్షణాలుగా స్ట్రెంగ్త్, ఎండ్యూరెన్స్ తీసుకోండి. లెవెల్ పెరిగిన ప్రతిసారీ అప్పటి ఎండ్యూరెన్స్‌లో పదో వంతు హెల్త్ కలుస్తుంది, పాత లెవెళ్లకు మళ్లీ లెక్కకట్టి ఇవ్వదు. అందుకే ఎండ్యూరెన్స్ మొదట్లోనే పెంచుకోవాలి. జన్మరాశుల్లో వారియర్ తీసుకుంటే ప్రతి వేటూ తగిలే అవకాశానికి 10 కలుస్తుంది. లేడీ తీసుకుంటే ఎండ్యూరెన్స్, పర్సనాలిటీ చెరో 25 పెరుగుతాయి. రెండూ మంచివే. అట్రొనాక్ మాత్రం మొదటిసారికి వద్దు. మ్యాజికా ఎక్కువే ఇస్తుంది కానీ నిద్రపోయినా అది తిరిగి నిండదు.

మేజర్, మైనర్ స్కిల్స్‌లో మొత్తం పది మెట్లు ఎక్కాక, పడుకుని లేస్తే లెవెల్ వస్తుంది. ఏ లక్షణానికి ఎంత పెంచుకోవచ్చన్నది ఆ లెవెల్‌లో దానికి చెందిన స్కిల్స్ ఎన్నిసార్లు పెరిగాయన్నదాని మీద ఉంటుంది. పదిసార్లైతే 5 వస్తుంది, ఐదు నుంచి ఏడుసార్లైతే 3. కొందరు ప్రతి లెవెల్‌కూ పెంచుకునే మూడు లక్షణాలకూ ఐదేసి రావాలని కాగితం మీద లెక్కలు రాసుకుంటూ ఆడతారు. అది ఆటను గుమాస్తా పనిగా మార్చేస్తుంది. అవసరం లేదు, ఎలా పెంచుకున్నా ఈ ఆటలో చివరికి మీరే బలవంతులవుతారు.

కొట్లాటలో ఇంకో చిన్న కిటుకు ఉంది. మౌస్ బటన్ నొక్కి వదిలేస్తే చిన్న దెబ్బ పడుతుంది, కాసేపు నొక్కిపట్టి వదిలితే పూర్తి దెబ్బ. పైగా మీరు కదిలే దిక్కును బట్టి వేటు రకం మారుతుంది. ముందుకు నడుస్తూ కొడితే పొడవడం, పక్కకు జరుగుతూ కొడితే అడ్డంగా నరకడం, నిలబడి కొడితే పైనుంచి నరకడం. చాలా లాంగ్ బ్లేడ్‌లకు పొడవడం బలహీనం, కొత్తవాళ్లేమో ఎప్పుడూ ముందుకు దూకుతూనే కొడతారు. సెట్టింగ్స్‌లో ఎప్పుడూ బెస్ట్ అటాక్ వాడమనే ఆప్షన్ ఉంది. పెట్టేయండి, ఇక ఆ గొడవ ఉండదు.

ఇక ఆట మొదలయ్యే ఊరు సేడా నీన్. ఆఫీసులో చేతికిచ్చేది 87 గోల్డ్, బాల్‌మోరాలో ఉన్న కాయస్ కొసాడీస్‌కు అందజేయాల్సిన ఒక ప్యాకెట్. చాలామంది వెంటనే బాల్‌మోరా బండెక్కేస్తారు. అలా వెళ్లకండి. నాలుగు ఇళ్లున్న ఈ తేమ ఊరే ఆట మొత్తం ఎలా నడుస్తుందో నేర్పే బడి.

ఆఫీసు పెరట్లో ఒక పీపా ఉంటుంది, అందులో ఉంగరం. బయటికి రాగానే ఫార్గోత్ అనే చిన్నపాటి ఎల్ఫ్ ఎదురై తన ఉంగరం పోయిందంటాడు. ఇచ్చేయండి. ఫార్గోత్‌తో పాటు ఆరిల్‌కు కూడా మీ మీద అభిమానం పెరుగుతుంది, దుకాణంలో ధరలు తగ్గుతాయి. ఇప్పుడు దుకాణం మేడ మీదికి వెళ్తే హ్రిస్కర్ అనే సైనికుడు ఉంటాడు. ఫార్గోత్ డబ్బు ఎక్కడో దాస్తున్నాడు, ఎక్కడో కనిపెట్టమంటాడు. లైట్‌హౌస్ మీదికెక్కి రాత్రి దాకా కాచుకోవాలి. చీకటి పడ్డాక ఫార్గోత్ బయటికొస్తాడు. ఒక్కసారిగా దాపు దగ్గరికి పోడు. అటూ ఇటూ చూస్తూ, ఇళ్ల సందుల్లో తచ్చాడి, చివరికి ఊరి మధ్య మడుగులోకి దిగి ఒక మొద్దు దగ్గర వంగుతాడు. తెర మీద బాణం గుర్తు లేదు, ఎవరూ "అక్కడే" అని చెప్పరు. మీరు చూశారు కాబట్టి తెలిసింది. తర్వాత దిగి వెళ్లి మొద్దులో వెతికితే 300 గోల్డ్, మీరు కాసేపటి క్రితం తిరిగిచ్చిన ఉంగరం, ఒక లాక్‌పిక్ దొరుకుతాయి. హ్రిస్కర్‌కు చెబితే వాటా ఇస్తాడు. చెప్పకుండా ఉంటే అంతా మీదే. ఆ నిర్ణయం ఆట మీకే వదిలేస్తుంది.

ఊరికి దగ్గర్లోనే పన్ను వసూలుదారు శవం ఒకటి పడి ఉంటుంది, దగ్గర 200 గోల్డ్. ఆ సంగతి సెన్సస్ ఆఫీసులో సోకూసియస్ ఎర్గాలాకు చెప్పి డబ్బు అప్పగిస్తే హంతకుణ్ని పట్టుకునే పని ఇస్తాడు, అది పూర్తయితే 500. ఊళ్లో నలుగురినీ అడిగితే ఎవరో తెలిసిపోతుంది. లైట్‌హౌస్‌లో ఉండే ఆవిడతో మాట్లాడటం మరిచిపోకండి. ఈ రెండు పనులతో, ఒక్క పెద్ద పోరాటం లేకుండా, మంచి కవచానికి సరిపడా డబ్బు చేతికొస్తుంది.

బాల్‌మోరా వైపు దారిలో కాస్త నడిస్తే ఆకాశంలోంచి కేక వినిపిస్తుంది, ఒకడు ఢామ్మని పడి చచ్చిపోతాడు. వాడి ఒంటి మీద మంత్రం రాసిన మూడు స్క్రోల్స్ ఉంటాయి. ఒకటి చదివితే ఏడు సెకన్లపాటు అక్రోబాటిక్స్ 1000 పెరుగుతుంది. ఎగిరితే కొండలు దాటి పోతారు. వాడు ఎలా చచ్చాడో మీరూ అలాగే చస్తారు, ఎందుకంటే కిందికి దిగేలోపే ఆ ఏడు సెకన్లు అయిపోతాయి. నేల దగ్గర పడుతుండగా రెండో స్క్రోల్ చదవాలి. ఎఫ్5తో సేవ్ చేసుకుని ప్రయత్నించండి, తేడా వస్తే ఎఫ్9.

ఊరు వదిలే ముందు పుట్టగొడుగులు ఏరుకోండి. లూమినస్ రస్సులా, వయొలెట్ కోప్రినస్ నేల మీద మొలుస్తాయి, బంగ్లర్స్ బేన్, హైఫా ఫేసియా చెట్ల మానుకు అంటుకుని ఉంటాయి. నాలుగు రకాలూ దగ్గరుంటే బాల్‌మోరా మేజెస్ గిల్డ్‌లో (మంత్రగాళ్ల సంఘంలో) చేరగానే అక్కడి అజీరా ఇచ్చే మొదటి పని అక్కడికక్కడే అయిపోతుంది. లేకపోతే ఈ బురద నేలకే మళ్లీ తిరిగి రావాలి.

బాల్‌మోరాకు సిల్ట్ స్ట్రైడర్ ఎక్కి వెళ్లండి. తాటిచెట్టంత కాళ్లున్న పురుగు అది. పెంకు తొలిచి అందులో కూర్చోబెడతారు. కాయస్‌ను కలిస్తే 200 గోల్డ్ చేతిలో పెట్టి, ముందు వెళ్లి ఏదో ఒక గిల్డ్‌లో చేరి కాస్త రాటుదేలి రమ్మంటాడు. ఆ మాట అక్షరాలా పాటించండి. అసలు కథ ఎక్కడికీ పోదు, గడువంటూ ఏదీ లేదు. ఫైటర్స్ గిల్డ్‌లో మొదటి పని ఒకావిడ ఇంట్లో ఎలుకలు చంపడం. మేజెస్ గిల్డ్‌లో ఉండే గైడ్ అక్కణ్నుంచి ఆల్డ్‌రూన్, కాల్డెరా, సాడ్రిత్ మోరా, వివెక్ ఊళ్లకు ఒక్క క్షణంలో పంపిస్తుంది. మంత్రాలు పెద్దగా వాడనివాళ్లకు కూడా ఈ ప్రయాణాలు పనికొస్తాయి.

మ్యాప్ మీద నొక్కితే ఎక్కడికైనా పోయే సౌకర్యం ఇందులో లేదు. బదులుగా సిల్ట్ స్ట్రైడర్లు, పడవలు, గిల్డ్ గైడ్లు, మంత్రాలు ఉన్నాయి. ఆల్మ్‌సివి ఇంటర్వెన్షన్ దగ్గర్లోని గుడికి చేరుస్తుంది, డివైన్ ఇంటర్వెన్షన్ దగ్గర్లోని సామ్రాజ్యపు కోటకు. మార్క్ మంత్రంతో ఒక చోట గుర్తు పెట్టుకుంటే రికాల్‌తో ఎక్కణ్నుంచైనా అక్కడికే. మన దగ్గర ఊరెళ్లేటప్పుడు ఏ బస్సు ఎక్కడ దిగి ఏ ఆటో పట్టాలో మనసులో ఒక లెక్క ఉంటుంది కదా, కొన్నాళ్లకు ఈ ఆట జరిగే దీవి మీద కూడా అలాంటి లెక్క మీకు వచ్చేస్తుంది. నా దృష్టిలో ఈ ఆటలోని అసలు ఆనందం అక్కడే ఉంది.

దారి చెప్పే పద్ధతీ అంతే. కాయస్ ఇచ్చే మొదటి పనిలో హాస్‌ఫాట్ ఆంటబోలిస్ మిమ్మల్ని ఆర్కెంగ్‌థాండ్ శిథిలాలకు పంపిస్తాడు. మ్యాప్‌లో గుర్తు పెట్టడు, నోటితో దారి చెబుతాడు. ఊరికి దక్షిణంగా బయటికెళ్లి నది దాటి, మూన్‌మాత్ కోట పక్కనుంచి వెళ్లి, లావా కాలువ మీదున్న పాత వంతెన దాటమంటాడు. జర్నల్ తెరిచి ఒక్కో వాక్యం చదువుతూ నడవండి. దారి గుర్తుల బోర్డుల మీద కర్సర్ పెడితే ఊరి పేర్లు కనిపిస్తాయి. వంతెన దాటాక గుండ్రటి రాతి తలుపు మూసే ఉంటుంది, పక్కనున్న గొట్టానికి ఒక తిప్పుడు పిడి ఉంది, దాన్ని తిప్పితే తెరుచుకుంటుంది. చాలామంది తలుపు తెరవడం తెలీక వెనక్కి పోయేది ఇక్కడే. లోపల వెతకాల్సిన పెట్టె అరచేతిలో పట్టేంత ఉంటుంది, షెల్ఫ్ మీద. పై అంతస్తు గదులు వదిలేస్తే గంటలకొద్దీ తిరిగినా దొరకదు.

జాగ్రత్తపడాల్సినవి కొన్ని ఉన్నాయి. ఒక వ్యాపారి దగ్గర కొట్టేసిన వస్తువును మళ్లీ అతనికే అమ్మబోతే గుర్తుపడతాడు. అదే రకం వస్తువు వేరే చోట కొన్నదైనా సరే, తనదే అంటాడు. కథకు అవసరమైన మనుషులు కూడా ఇందులో చచ్చిపోతారు. అలా జరిగితే జోస్యం దారం తెగిపోయిందని స్క్రీన్ మీద సందేశం వస్తుంది, అప్పుడు పాత సేవ్ తెరుచుకోవడమే మంచిది. అందుకే ఒకే సేవ్ మీద రాస్తూ పోకుండా వేరే పేర్లతో నాలుగైదు ఉంచుకోండి. ట్రైబ్యునల్ అనే విస్తరణ కలిసి ఉన్న ఎడిషన్ ఆడుతుంటే, మొదటి లెవెల్‌లోనే నిద్రలో డార్క్ బ్రదర్‌హుడ్ హంతకుడు మీద పడతాడు. అది మీ తప్పు కాదు, ఆ విస్తరణ కథ అలా మొదలవుతుంది. పడుకునే ముందు సేవ్ చేయండి. వాణ్ని చంపగలిగితే వాడి కవచం మొదట్లో మంచి ధర పలుకుతుంది. దాడులు ఆగాలంటే ఏ కాపలావాడికైనా చెప్పండి, ఎబన్‌హార్ట్‌లో ఎవర్ని కలవాలో చెబుతాడు.

ఖరీదైన సరుకు చేతికొచ్చాక మామూలు వ్యాపారుల దగ్గర అంత డబ్బుండదు. కాల్డెరాలోని ఘోరక్ మేనర్‌లో క్రీపర్ అనే చిన్న భూతం ఉంది, దగ్గర 5000 గోల్డ్, కవచాలు, ఆయుధాలు పూర్తి ధరకే కొంటుంది. బేరం అక్కర్లేదు. ఒక రోజు ఆగితే దాని డబ్బు మళ్లీ నిండుతుంది. ఆ డబ్బుతో ట్రైనర్ల దగ్గర స్కిల్స్ నేర్చుకోండి. స్కిల్ తక్కువగా ఉన్నప్పుడు ఫీజూ తక్కువే, ఒక్కో లెవెల్‌కు ఇన్నిసార్లే అన్న పరిమితి లేదు.

కంప్యూటర్ సంగతి పెద్ద సమస్య కాదు. విడిగా గ్రాఫిక్స్ కార్డ్ లేని లాప్‌టాప్‌లోనూ ఆడొచ్చు. ఆట కొనుక్కున్నాక ఓపెన్ ఎండబ్ల్యూ అనే ఉచిత ఇంజిన్ వేసుకోండి. అది విండోస్, లినక్స్, మ్యాక్‌లలో నడుస్తుంది, ఆండ్రాయిడ్ ఫోన్లలో కూడా ఆడేవాళ్లున్నారు. మొదటిసారి తెరిచినప్పుడు ఆట ఎక్కడుందని అడుగుతుంది, డేటా ఫైల్స్ ఫోల్డర్‌లోని మారోవిండ్.ఈఎస్ఎం ఫైల్ చూపిస్తే చాలు. పాత ఇంజిన్‌లో వచ్చే క్రాష్‌లు చాలావరకు పోతాయి. మొదటిసారే బొమ్మలు మార్చే మాడ్‌లు వందల కొద్దీ వేసుకోవద్దు. ఏది తేడా కొట్టిందో వెతకడంతోనే వారం గడిచిపోతుంది.

మూడు నాలుగు లెవెళ్లు వచ్చాక బాల్‌మోరా గైడ్ దగ్గరికెళ్లి ఆల్డ్‌రూన్‌కు పంపించమనండి. గిల్డ్ తలుపు తీసుకుని బయటికొస్తే బూడిద తుఫాను కొడుతుండే అవకాశం ఎక్కువ. వీధిలో వాళ్లంతా మోచేయి కళ్లకు అడ్డం పెట్టుకుని నడుస్తుంటారు, మీ నడకా మందగిస్తుంది. ఎర్రటి ధూళిలో ఊరి ఉత్తరాన కొండలాంటి ఆకారం ఒకటి కనిపిస్తుంది. దగ్గరికెళ్తే అది కొండ కాదు, ఎప్పుడో చచ్చిపోయిన పీత డిప్ప. తలుపు ఉంది, లోపలికి వెళ్లండి. గాలి హోరు ఆగిపోతుంది. డిప్ప లోపల రెడోరాన్ వంశపు పెద్దల ఇళ్లు, వాటి మధ్య వేలాడే తాళ్ల వంతెనలు. వాటి మీద మాత్రం పరుగెత్తకండి, నడవండి.